చదవలేని పిల్లాడి కోసం టీచర్ ఏ శిక్షణ తీసుకోవాలి?

ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేసే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) గారి ప్రశ్న ఇది. 4వ తరగతిలో ఒక బాబు ఉన్నాడు. కథ చెబితే పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు, నోటి లెక్కల్లో ముందుంటాడు, పుస్తకం తెరవమంటే మాత్రం తల దించేస్తాడు. "ఇది డిస్లెక్సియాయేనా? ఏ ట్రైనింగ్ తీసుకుంటే వీడికి సాయం చేయగలను? ఆన్‌లైన్‌లో ఆర్టన్-గిల్లింగ్‌హామ్ అనే పద్ధతి మీద సర్టిఫికెట్ కోర్సు ఒకటి చూశాను, ఫీజు చాలా ఎక్కువ. లేకపోతే బీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ చేయమంటారా?" అని అడిగారు.

టీచర్ గారూ, ఆ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. బీఎడ్ సంగతి కూడా కాసేపు పక్కన పెడదాం. మీకు ముందు కావాల్సింది తెలుగు చదవడం ఎలా నేర్పాలన్న శిక్షణ. డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకపోయినా అక్షరాలను మాటలుగా చదవడంలో వదలకుండా ఉండే ఇబ్బంది, దాని మీద శిక్షణ ఆ తర్వాత. మన డీఎడ్, బీఎడ్‌లలో పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివాం, లెసన్ ప్లాన్లు రాశాం, చార్టులు కట్టాం. ఒక పిల్లాడు 'గట్టు' అన్న మాటను 'గటు' అని చదివితే ఆ తప్పు ఎక్కడ పుట్టిందో, రేపు పొద్దున వాడితో ఏం చేయించాలో మాత్రం మనకెవరూ చెప్పలేదు. ఆ ఖాళీ నిండకుండా ఎంత ఖరీదైన సర్టిఫికెట్ తెచ్చుకున్నా గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

ఎందుకంటున్నానో చెబుతాను. పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే ఏసర్ సర్వే 2024 లెక్క ప్రకారం గ్రామీణ భారతంలో 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 27.1 శాతమే. దాదాపు నలుగురిలో ముగ్గురు చదవలేకపోయారన్నమాట. మరోవైపు చదవడం, రాయడం, లెక్కలు మూడింటినీ కలిపి చూసినా నేర్చుకోవడంలో ప్రత్యేక వైకల్యం (డిస్లెక్సియా ఇందులో చదవడానికి సంబంధించినది) బడి పిల్లల్లో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటుందని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మాన్యువల్ చెబుతుంది. మరి మిగిలిన పిల్లలంతా ఎవరు? బడికి సరిగా రానివాళ్లు, సరిగా నేర్పించుకోనివాళ్లు, ఒకే టీచరు మూడు తరగతులు చూసే బళ్లలో వెనక వరసలో మిగిలిపోయినవాళ్లు, ఇంట్లో గోండి, కోయ, లంబాడీ మాట్లాడుతూ పుస్తకాల తెలుగును బడిలోనే మొదటిసారి విన్నవాళ్లు. వీళ్లందరూ బయటికి ఒకేలా కనిపిస్తారు. చదవమంటే తల దించుకుంటారు. అందరికీ పద్ధతిగా నేర్పించాక కూడా ముందుకు కదలని పిల్లాడెవడో తేలితే, అప్పుడు డిస్లెక్సియా గురించి మాట్లాడుకోవడానికి అర్థం ఉంటుంది.

అయినా మీ బాబు విషయంలో మీ అనుమానం ఊరికే పుట్టింది కాదు. మాట బాగుండి, అర్థం చేసుకోవడం బాగుండి, అక్షరం దగ్గర మాత్రమే ఆగిపోయేవాడిని గమనించాల్సిందే. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ఒక సూత్రం చెప్పారు: చదివి అర్థం చేసుకోవడం అనేది రెండింటి గుణకారం. ఒకటి అక్షరాలను మాటగా మార్చుకోగలగడం, రెండోది ఆ మాటను విన్నప్పుడు అర్థం చేసుకోగలగడం. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. మీ బాబుకు రెండోది నిండుగా ఉంది, మొదటిది లేదు. పక్క బెంచీలో గడగడా చదివేసి, ఏం చదివావంటే నోరు తెరవని పాప ఉండే ఉంటుంది, చూడండి. ఆమెది సరిగ్గా దీనికి ఎదురు సమస్య. అందరూ ఆమెను తెలివైనది అంటుంటారు.

ఇక మీరు చేయాల్సిన మొదటి పని. బాబును పక్కన కూర్చోబెట్టుకుని, వాడు ఇదివరకు చూడని రెండు వాక్యాలు ఇవ్వండి. పాత పాఠం ఇస్తే కంఠతా చెప్పేస్తాడు. "చెరువు గట్టు మీద చింత చెట్టు ఉంది. చెట్టు కింద మేక పడుకుంది." మీ దగ్గర అవే వాక్యాలు రాసిన ఇంకో కాగితం పెట్టుకుని, వాడు ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు పైన రాసుకోండి. దిద్దకండి, అందించకండి.

ఒక పిల్లాడు "చెరువు గటు మీద చిత చెటు ఉంది" అని చదువుతాడు. వీడికి అక్షరాలొచ్చు, గుణింతం కూడా వచ్చు. వత్తు, సున్న దగ్గర జారిపోతున్నాడు. ఇంకొకడు బొమ్మ వైపు చూసి "చెరువు దగ్గర చెట్టు ఉంది, మేక గడ్డి తింటోంది" అంటాడు. వింటుంటే ముచ్చటగా ఉంటుంది గానీ వాడు చదవడం లేదు, ఊహిస్తున్నాడు. మూడోవాడు "చె... రు... వు... చెరువు. గ... ట్టు... గట్టు" అని ఒక్క తప్పూ లేకుండా చదువుతాడు, కానీ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతాడు. నుదుట చెమట కూడా పడుతుంది పాపం. "ముగ్గురికీ చదవడం రాదు" అని మనం ఒకే రిజిస్టర్లో ఒకే గడిలో టిక్కు పెడతాం. ముగ్గురికీ చేయాల్సింది మాత్రం వేరు.

మన భాషలో డిస్లెక్సియా ఎక్కువగా ఆ మూడో పిల్లాడిలా కనిపించే అవకాశం ఉంది. ఇంగ్లిష్ పుస్తకాల్లో రాసిన లక్షణాల్ని చూసి మనవాళ్లు చాలామంది 'అక్షరాలు తిరగేసి రాస్తే డిస్లెక్సియా' అనుకుంటారు. ఇంగ్లిష్‌లో బీ, డీ అక్షరాలు తారుమారు చేయడం కొత్తగా నేర్చుకునే పిల్లలు చాలామంది చేసే పనే. పైగా తెలుగులో అద్దంలో తిప్పినట్టుండే జంటలు పెద్దగా లేవు. మన పిల్లలు తికమక పడేది ప, వ, మ, య దగ్గర, న, స దగ్గర, ద, ధ, థ దగ్గర. ఇటాలియన్, జర్మన్, ఫిన్నిష్ లాంటి, రాసినట్టే పలికే భాషల్లో జరిగిన పరిశోధనలు చెప్పేదేమిటంటే, అక్కడి డిస్లెక్సియా పిల్లలు తప్పులు తక్కువ చేస్తారు, చాలా నెమ్మదిగా చదువుతారు. తెలుగూ దాదాపు రాసినట్టే పలికేది. అందుకే తప్పులు మాత్రమే లెక్కపెట్టే టీచర్‌కు ఆ మూడో పిల్లాడు 'పర్వాలేదు' కింద లెక్కలోకి వస్తాడు. నిమిషంలో ఎన్ని మాటలు చదివాడో కూడా చూడాలి.

రాసినట్టే పలుకుతుంది కదా, ఇక తేలికేగా అనుకోవద్దు. ఇంగ్లిష్ పిల్లాడు 26 అక్షరాలతో మొదలుపెడతాడు. మనవాడి ముందు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు కలిసి కొన్ని వందల రూపాలు ఉంటాయి. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో సోనాలి నాగ్ చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలు అక్షరాలు నేర్చుకోవడం ఒకటి రెండేళ్లలో ముగియదని, పై తరగతుల దాకా సాగుతూనే ఉంటుందని తేలింది. మనమేమో ఒకటో తరగతి సంక్రాంతి సెలవులకల్లా గుణింతాలు అయిపోయాయి అనిపించి, రెండో తరగతి నుంచి పాఠాల మీద పడతాం.

గుణింతం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ బళ్లలో చదువు తెగేది ఇక్కడే. పిల్లలు 'క కా కి కీ' పాటలా పాడేస్తారు. బోర్డు మీద విడిగా 'మే' రాసి ఇదేమిటి అని అడగండి. కొందరు వేళ్లు మడుస్తూ "మ మా మి మీ ము మూ..." అని లోలోపల పాడుకుంటూ అక్కడిదాకా వచ్చి "మే" అంటారు. జవాబు కరెక్టే. కానీ మాటలోని ప్రతి అక్షరానికీ ఇలా పాడుకోవాల్సి వస్తే వాక్యం ఎప్పటికి పూర్తయ్యేను? ఒక హల్లుకు అన్ని గుర్తులూ వరసగా నేర్పే బదులు, ఒక గుర్తును అనేక హల్లులకు పెట్టించండి. ఈ వారం గుడి మాత్రమే అనుకుంటే కి, ని, తి, లి, గి. దాంతో కిటికి, గిరి, పులి, నిమిషం లాంటివాటిలో పిల్లలకు అందే మాటలు ఏరుకుని చదివించండి. తర్వాత దీర్ఘం తేడా చెవికి పట్టించండి: పడు-పాడు, వడ-వాడ, పలు-పాలు. ముందు చెవితో తేడా పట్టాలి, తర్వాత నోటితో, ఆ తర్వాత కంటితో. మొ, యొ లాంటివి మిగతా హల్లుల దారిలో నడవవు కాబట్టి వాటిని విడిగా, ఆలస్యంగా చెప్పాలి.

వత్తు దగ్గర ఇంకో చిక్కు ఉంది. 'చెట్టు'లో కింద ఉన్న వత్తునూ పక్కన ఉన్న కొమ్మునూ పిల్లాడు కంటితో ఒకే ముద్దగా చూస్తాడు, నోరు మాత్రం వాటిని వరసగా పలకాలి. 'ప్రతి'లో రకారం ఇంకా విచిత్రం, పలకడానికి ప తర్వాత వస్తుంది, రాతలో ప కింద ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది. 'చెట్' దగ్గర ఒకసారి, 'టు' దగ్గర ఇంకోసారి చప్పట్లు కొట్టించండి. రెండు చింతగింజలు పెట్టి, పలికిన ముక్కకొక గింజ ముందుకు జరపమనండి. 'చెటు' అన్నప్పుడూ రెండే గింజలు జరుగుతాయి. అప్పుడు "మొదటి గింజ దగ్గర నాలుక ఎక్కడ ఆగింది?" అని అడగండి. 'చెట్' అన్నప్పుడు నాలుక అంగిట్లో అతుక్కుని ఒక్క క్షణం ఆగుతుంది, 'చె' అన్నప్పుడు ఆగదు. ఈ ఒక్కటీ పట్టుబడితే గట్టు, బుట్ట, పిల్లి, అక్క అన్నీ వరసగా వస్తాయి.

ఇప్పుడు ఆర్టన్-గిల్లింగ్‌హామ్ గురించి. 1930లలో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడి ఆలోచనల మీద ఆనా గిల్లింగ్‌హామ్ అనే విద్యావేత్త తయారుచేసిన పద్ధతి ఇది. ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని దాచకుండా నేరుగా చెప్పడం, తేలికైనదాని నుంచి కష్టమైనదానికి మెట్టు మెట్టుగా వెళ్లడం, నేర్పింది మళ్లీ మళ్లీ తిప్పడం, చూస్తూ పలుకుతూ వేలితో రాస్తూ ఒకేసారి నేర్చుకోవడం దాని సారం. ఇవన్నీ తెలుగుకూ పనికొస్తాయి, పైన చింతగింజలతో చెప్పింది కూడా ఆ దారిలోదే. కానీ ఆ కోర్సుల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్ స్పెల్లింగ్ చిక్కుముళ్లు విప్పడానికే పోతుంది. ఇంగ్లిష్ మాటల చివర్లో పలకని 'ఈ' అక్షరం గురించి మీరు గంటలకొద్దీ నేర్చుకుని వచ్చినా రేపు 'స్త్రీ', 'రాష్ట్రం' చదివించడానికి అది సాయం చేయదు. అలాంటి కోర్సుకు డబ్బు కట్టే ముందు ఒకే ప్రశ్న అడగండి: "నేను తెలుగులో పిల్లాడికి నేర్పుతుంటే మీవాళ్లు ఎవరైనా చూసి, తప్పులు చెబుతారా?" 'లేదు' అంటే ఆ డబ్బుతో తరగతికి కథల పుస్తకాలు కొనండి.

శిక్షణలో అసలు విలువ ఆ చూసి చెప్పడంలోనే ఉంది. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ ఉపాధ్యాయ శిక్షణల మీద ఏళ్ల తరబడి పనిచేసి చెప్పిన మాట ఇదే: ఉపన్యాసం విని, డెమో చూసి వెళ్లిన టీచర్లలో అది తరగతిలోకి తీసుకెళ్లేవాళ్లు చాలా తక్కువ, వెంట ఉండి కోచింగ్ ఇస్తే చాలామంది తీసుకెళ్తారు. మనకు తెలియనిదా? ఐదు రోజుల ట్రైనింగ్, ప్రొజెక్టర్, భోజనం, అటెండెన్స్ సంతకం, గ్రూప్ ఫోటో. సోమవారం మళ్లీ పాత పద్ధతే.

కాబట్టి మీకు నేను చెప్పే దారి ఇది. నిష్ఠ ఎఫ్‌ఎల్‌ఎన్ (పునాది చదువు, లెక్కలు నేర్పడం మీద ప్రభుత్వ శిక్షణ) మాడ్యూళ్లు దీక్ష పోర్టల్‌లో ఉచితంగా వచ్చాయి. చాలామంది సర్టిఫికెట్ కోసం వీడియోలు జరిపేశారు. భాషకు సంబంధించినవి మాత్రం మళ్లీ తీరిగ్గా చూడండి. అదే పునాది చదువు కోసం 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్, తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు లాంటి కార్యక్రమాల సామగ్రి మీ బడిలో బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది, దుమ్ము దులపండి. ఆ తర్వాత నెలనెలా జరిగే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాన్ని వాడుకోండి. ఇద్దరు ముగ్గురు తోటి టీచర్లతో మాట్లాడుకుని, ఒక్కొక్కరు పది నిమిషాలు ఒక పిల్లాడికి చదివించే వీడియో ఫోన్లో తీసుకురండి. పిల్లాడి ముఖం పడకుండా చేతులు, పుస్తకం మాత్రం పడితే చాలు. అందరూ కలిసి చూసి, ఎక్కడ మనమే జవాబు అందించేశామో, ఎక్కడ ఓపిక పట్టామో చెప్పుకోండి. మొదట మొహమాటంగా ఉంటుంది. ఏ కోర్సూ నేర్పనిది ఇక్కడ నేర్చుకుంటారు.

డిస్లెక్సియా మీద లోతుగా వెళ్లాలనిపిస్తే అప్పుడు మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వెళ్లి అక్కడి రిసోర్స్ పర్సన్ అయిన ఐఈఆర్‌పీ గారిని కలవండి. వాళ్లకు పని భారం ఎక్కువే, అయినా అడిగే టీచర్ దొరికితే సంతోషిస్తారు. ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ యాప్‌లో మొదటి భాగం మనలాంటి సాధారణ టీచర్ల కోసమే, రెండో భాగం స్పెషల్ ఎడ్యుకేటర్లు నింపేది. అది వైకల్యం ఉందని తేల్చే పరీక్ష కాదు, ఎవరిని ముందుకు పంపాలో గుర్తించే చెక్‌లిస్ట్ మాత్రమే. మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ టీచర్లకు చిన్న శిక్షణలు పెడుతుంటుంది, ఎప్పుడు ఏమున్నాయో అక్కడే కనుక్కోండి. చెన్నైలోని మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్‌కు దక్షిణాదిలో టీచర్లకు శిక్షణ ఇవ్వడంలో చాలా అనుభవం ఉంది.

బీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ వేరే నిర్ణయం. అది ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న కోర్సు అయి ఉండాలి, పూర్తయ్యాక ఆర్‌సీఐ రిజిస్టర్‌లో నమోదు కావాలి. అది లేనివి ఎన్ని పేర్లు పెట్టుకున్నా ఉద్యోగానికి పనికిరావు. 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలన్న లెక్క వచ్చింది. 2024 తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టుల్లో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు స్పెషల్ ఎడ్యుకేషన్‌కే ఇచ్చారు. మీరు ఆ ఉద్యోగంలోకి మారాలనుకుంటే చేయండి, మంచి దారి. ఒక్క బాబు కోసమైతే మాత్రం వద్దు. మీ కోర్సు అయ్యేసరికి వాడు హైస్కూల్ గడప తొక్కి ఉంటాడు.

ఇక సర్టిఫికెట్ విషయం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం నేర్చుకోవడంలో ప్రత్యేక వైకల్యాలను గుర్తించింది. 2018 మార్గదర్శకాలు 8 ఏళ్లు నిండాకే ధ్రువీకరణ ఇవ్వాలన్నాయి, 14, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షించాలన్నాయి. అందుకు బెంగళూరు నిమ్హాన్స్ ఆస్పత్రి తయారుచేసిన నిమ్హాన్స్ బ్యాటరీ అనే పరీక్షల సముదాయం వాడమన్నాయి. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెబితే జవాబు రాసిపెట్టే మనిషి) లాంటి సదుపాయాలకు ఆ కాగితం అవసరం, పదో తరగతి దగ్గరికి వచ్చాక హడావిడి పడకుండా ముందే చూసుకోవాలి. అంతకంటే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బడికి వచ్చి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే బృందానికి చూపించండి. బోర్డు కనిపించక, ఒక చెవి సరిగా వినపడక వెనకబడ్డ పిల్లలు ప్రతి మండలంలో ఉంటారు.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు 'డిస్లెక్సియా' అన్న మాట మీ నోటి నుంచి రానివ్వకండి. అది తేల్చాల్సింది మనం కాదు. "అన్నా, బాబు మాటల్లో, లెక్కల్లో చురుకు. చదివేటప్పుడు వత్తులు జారిపోతున్నాయి, చాలా టైం పడుతోంది. ఈ టర్మ్‌లో రోజూ కాసేపు విడిగా చదివిస్తున్నా. అప్పటికీ రాకపోతే ఆస్పత్రిలో చూపిద్దాం" అనండి చాలు. వాళ్లు రంగు అద్దాలు, మెదడు వ్యాయామాలు, కంటి వ్యాయామాల గురించి అడుగుతారు, ప్రకటనలు అలా ఉంటాయి మరి. రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను సరిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలు కలిసి 2009లోనే చెప్పాయి. ఆ డబ్బు మిగుల్చుకోమని చెప్పండి.

ఒక ముఖ్యమైన సంగతి మరిచాను. మీది ఇంగ్లిష్ మీడియం కూడా ఉన్న బడే అయి ఉంటుంది, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలే కదా. బాబు ఏ భాషలో చదవలేకపోతున్నాడో విడివిడిగా చూడండి. తెలుగు సాఫీగా చదివి, ఇంగ్లిష్‌లో మాత్రం ఆగితే అది ఎక్కువసార్లు నేర్పే తీరుకు, వినే అవకాశానికి సంబంధించిన చిక్కు. రెండింట్లోనూ అదే తరహా నెమ్మది ఉంటేనే అనుమానం బలపడుతుంది. అలాగే పుస్తకంలో 'ఉంది' అని ఉంటే 'ఉన్నది' అనో, 'వచ్చాడు' అని ఉంటే 'వచ్చిండు' అనో చదివితే తప్పుగా గుర్తు పెట్టకండి. వాడు అర్థం పట్టుకుని తన మాటలో చెప్పాడు.

ఈలోగా తరగతిలో వాడి రోజు ఎలా గడుస్తుందో అదీ చూడాలి. అందరి ముందు లేపి చదివించకండి. పరిసరాల విజ్ఞానం పరీక్షలో ప్రశ్న మీరే చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పించుకోండి, వాడికి తెలిసింది బయటికొస్తుంది. చదివించే పని రోజూ ప్రార్థన అయ్యాక పావుగంట, ఒక్కడితో లేదా అదే తప్పు చేసే ఇద్దరు ముగ్గురితో పెట్టుకోండి. వారానికోసారి అదే కాగితం పద్ధతిలో కొత్త వాక్యాలు చదివించి, నిమిషానికి మాటలెన్నో, తప్పులేవో తేదీ వేసి రాసుకోండి. దసరా సెలవుల నాటికి మీ దగ్గర ఒక కట్ట తయారవుతుంది. భవిత కేంద్రానికి గానీ, ఎన్‌ఐఈపీఐడీకి గానీ వెళ్లేటప్పుడు ఆ కట్ట పట్టుకెళ్లండి. అక్కడివాళ్లు అడిగే మొదటి ప్రశ్న, 'ఇప్పటిదాకా ఏం చేయించారు, ఏం మారింది' అనే.